కొట్టని కాయ

చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ళు పలుకుతాయి.

కాయలో కాసిన్ని నీళ్ళు. ఎదురుగా, వశిష్ఠ గోదావరి నిండా నీళ్ళు.

ఈ కాయ మా ఆయనది. తానే పీచు వొలిచి, పిలక ఉంచి, దాచుకున్నాడు. పడవ కదిలే ముందు గంగమ్మ పేరు చెప్పి కొట్టడానికి. వాళ్ళ తాత కొట్టాడు. వాళ్ళ నాన్న కొట్టాడు. కాయ కొట్టకుండా రాజోలు రేవు దాటిన పడవ లేదు.

నేనే లాక్కున్నాను.

ఈ చేతులతోనే... బాప్తిస్మం తీసుకుని నెల తిరగలేదు, మళ్ళీ ఆ కాయేమిటన్నాను. మిషను దొరసాని గారి అరుగు మీద గుణింతాల దాకా నేర్చినదాన్ని. అంతలో కడుపు పండింది, చదువు అక్కడే ఆగింది. ఆ నాలుగు అక్షరాలు చూసే నా మాటకి విలువిచ్చాడు.

"సరేలే పంతులమ్మా. నీ దేవుడే గెడ వేసి పడవ తోస్తాడు."

నవ్వుతూ వెళ్ళాడు.

ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న కూలీల కోసం పడవెడు కొబ్బరికాయలు. ఎనిమిదో రోజుకి తిరిగి రావాలి.

నాలుగో రోజు గాలివాన.

ఇవాళ్టికి ఇరవై ఒకటి.

ఆత్రేయపురం దగ్గర ఒక గెడ ఒడ్డుకి కొట్టుకొచ్చిందన్నారు. గెడ ఒక్కటే. ఏ పడవదో ఎవరూ చెప్పలేకపోయారు.

రేవులో బట్టలు పిండుతున్న సీతారత్నం నా వైపు చూడకుండానే అంది. "కాయ మిగిలింది కదమ్మా. పచ్చడి నూరుకో."

ప్రభువా, నీ కోసం ఆ కాయ ఆపాను. నేను నా మాట నిలబెట్టుకున్నాను.

నువ్వు?

ఉపదేశి ముసలయ్య గారు వచ్చారు. మహమ్మారికి ఇద్దరు కొడుకుల్ని ఒకే వారంలో మట్టిలో పెట్టిన మనిషి. ఆయన మీద కోపం తెచ్చుకోలేను.

"దేవుడి చిత్తమని ఒప్పుకో తల్లీ. బరువు తగ్గదు. మొయ్యడం వస్తుంది."

ఆయ్ అన్నాను.

ప్రార్థనకి మోకాళ్ళ మీద కూర్చుంటే మాత్రం చిత్తం అనే ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతున్నాను. కామందు కనబడితే చాలు, తలగుడ్డ తీసి చిత్తం అనే వంశం మాది. ప్రభువా, నీకు అనడానికే నోరు రావటం లేదు. తన పని మీద వెళ్ళిన మనిషి రాకపోతే, కామందు కూడా వెతకడానికి ఇంకొకణ్ణి పంపిస్తాడు.

ఇవాళ పొద్దున మా అత్త పైడమ్మ ఉట్టి మీంచి ఈ కాయ దించింది. ఆమె మాతో పాటు బాప్తిస్మం నీళ్ళలో మునగలేదు. అయినా ఇన్ని రోజుల్లో నన్ను ఒక్క మాట అనలేదు. అదే గుండెకోత.

"ఆదివారం ఎలాగూ మీ దేవుడికి ఇచ్చేశావే లోవా. ఇవాళ మంగళవారమే. నా కొడుకు కోసం ఒక్క కాయ కొట్టలేవా?"

ఆపిన చెయ్యే కొట్టాలట.

వచ్చాను. చంకలో బిడ్డ. చేతిలో కాయ. ఆయన పడవ కట్టే రాట ఖాళీగా నిలబడి ఉంది... తాడు ఒరుసుకున్న మేర నున్నగా.

కొడితే — నిన్ను వదిలినదాన్ని.

కొట్టకపోతే — ఆయన్ని రెండోసారి కూడా నేనే ముంచినదాన్ని.

బిడ్డ ఏడ్చింది. దిగులుకి నా పాలు ఎండి మూడు రోజులు. గంజి పట్టబోతే ఉమ్మేస్తోంది. పెదాలు పగిలాయి. ఏం తోచక కాయ ఊపాను. లోపలి నీళ్ళ చప్పుడు విని ఊరుకుంది. కాయ కోసం చెయ్యి చాచింది.

కొట్టాను.

రాట పక్కన రాయి మీద. ఒక్క దెబ్బ.

గంగమ్మ పేరు అనలేదు. నీ పేరూ అనలేదు.

చిప్పలో నిలిచిన నీళ్ళు బిడ్డ పెదాలకి అందించాను. తాగింది. గుటక గుటకా వినబడింది. రాయి మీద ఒలికినవి ఒలికినట్టే జారి ఏట్లో కలిశాయి.

వెనక గట్టు మీద అత్త రెండు చేతులూ జోడించింది. ఎవరికి కొట్టావని అడగలేదు.

నువ్వూ అడగొద్దు.

నీ చిత్తం... అనబోయాను. నీ — దగ్గరే ఆగిపోయింది.

చిప్పలు రెండూ ఒకదానికొకటి మూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాను.

పలకలేదు.

ఎదురుగా, వశిష్ఠ నిండా నీళ్ళు.