ఆమ్లం మిగిల్చిన పెంకులు

ఆ ఉదయం జరిగిన తప్పుకు మొదలు వెతుక్కుంటూ పోతే, అది నెల క్రితం అక్క ఆడిన ఒక మాట దగ్గర తేలుతుంది.

సముద్రపు నాచు మీద బతికే డయాటములను గాజు పలకల మీద పరిచి కళాశాలలకు పంపడం అక్కాచెల్లెళ్ల వృత్తి. డయాటము ఏకకణ జీవి. పెట్టె, దాని మూతలా ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు గాజు పెంకులే దాని ఇల్లు. నాచు కోసుకొచ్చేది చెల్లెలు. రాళ్ల మీద పక్కవాటుగా, జారకుండా నడుస్తుందని ఇంటిల్లిపాదీ ఆమెను చిన్నప్పటి నుంచి పీత అనే పిలిచేవారు. తెచ్చిన నాచును ఆమ్లంలో మరిగించి, కరిగేదంతా కరిగించి, పెంకులను మాత్రమే మిగిల్చేది అక్క. నెల క్రితం పీత సీసాలను ఎండలో రెండు గంటలు వదిలేయడంతో నాచు కుళ్లింది. సీసా చేతికొచ్చాక క్షణం ఆగకూడదని అక్క నిప్పులు చెరిగింది. పీతా ఊరుకోలేదు.

"నీ చేతికి చిక్కితే కాఫీని కూడా ఆసిడ్‌లో మరిగిస్తావక్కా."

ఆనాటి నుంచి ఇద్దరి మధ్యా పనికి సంబంధించిన ముక్తసరి మాటలు తప్ప మరేమీ లేవు.

అందువల్లే ఆ ఉదయం వ్యాను డ్రైవరు సీసా తెచ్చి బల్ల మీద పెట్టగానే అక్క నిజంగానే క్షణం ఆగలేదు. నాచు మొదలు కత్తిరించి చెత్తబుట్టలో పడేసింది. ఆకులన్నీ బీకరులోకి జార్చి, ఆమ్లం పోసి, పొగ లాగే ఫ్యాను కింద పెట్టి వేడి చేసింది. కాసేపటికి ఆకుల నడుమ నుంచి తెల్లని పొర ఒకటి విడివడి, పసుపెక్కి, చీలికలై కలిసిపోయింది. అది నాచు కాదు, కాగితం. సీసాకు బయట అంటించిన చీటీ ఉప్పునీటికి చెరిగిపోతుంది కనుక, పెన్సిలుతో చోటు రాసిన చీటీని సీసా లోపలే వేయడం వాళ్ల అలవాటు. ఆ అలవాటు పెట్టింది అక్కే. ఆకు వెనక అతుక్కున్న చీటీని ఆమె చూసుకోలేదు. పీత వచ్చాక అడిగి రాసుకోవచ్చులే అనుకుంది. ముందుగా తానే పలకరించవలసి వచ్చిందే అని కాస్త చిరాకు కూడా పడింది.

పీతను తీసుకురావడానికి తిరిగి తీరానికి వెళ్లిన డ్రైవరు పదకొండున్నరకు ఫోను చేశాడు. చిన్నమ్మగారు పదకొండుకల్లా రోడ్డెక్కుతానన్నారు, ఇంకా రాలేదన్నాడు. పొద్దున్నే నీళ్లు వెనక్కి తీసిన వేళ పీత తీరానికి దిగి, మొదటి సీసా అతని చేతికిచ్చి, అక్కడికే ఇంకోసారి వెళ్లొస్తానంది. వ్యాను వెనక్కి తిప్పుకునే హడావిడిలో ఆమె ఏ దారి పట్టిందో అతను గమనించలేదు. రోడ్డు చివర దారులు రెండు. ఒకటి అలలు నేరుగా వచ్చి విరిగే రాళ్ల మొనకు, రెండోది నీరు నిలకడగా ఉండే వంపుకు. పోటు పెరిగితే రెండు కాలిబాటలూ మునిగిపోతాయి. ఇప్పటికే మునిగాయి. కొండ అంచు కింద ఫోను పలకదు. ఉన్నది ఒక్క పడవ. ఒక వైపు వెళ్లి, అక్కడ లేదని తేల్చుకుని, కొండ చుట్టి రెండో వైపు చేరేసరికి పోటు నిండిపోతుంది.

డ్రైవరు పక్కనున్న పడవ సరంగు ఫోను అందుకున్నాడు.

"ఎటు పోవాలో ఒక్క మాట చెప్పండమ్మా. ఊహ మీద మాత్రం చెప్పకండి."

సీసాలో చీటీ ఉంటుందిగా, చూడమనండని వెనక నుంచి డ్రైవరు గుర్తు చేస్తున్నాడు. అక్క మైక్రోస్కోపు దగ్గరికి నడిచింది.

"ఇంజన్ వేసి ఉంచండి. చెప్తాను" అంది.

ఇక చీటీ లేదు, పెంకులే ఉన్నాయి. రెండు తీరాలదీ ఒకే రాయి, ఒకే నాచు. తేడా అంతా ఆ నాచు మీద కాపురముండే వాటిలోనే ఉంది. అలలు చాచి కొట్టే చోట బతకాలంటే ఆకును కరుచుకుని పడుకోవాలి కనుక, అక్కడ కోడిగుడ్డు ఆకారపు చదును పెంకులదే రాజ్యం. నిలకడ నీటిలో మాత్రం వాటితో పాటు పొడవాటి పిడి ఉన్న విసనకర్ర ఆకారపువీ ఉంటాయి. ఈ విసనకర్రలు జిగురుతో కాడలు అల్లుకుని, వాటి కొసల మీద గుత్తులుగా నిలబడతాయి. పచ్చి ఆకును చూసి ఉంటే ఆ కాడల అడవి ఒక్క చూపులో కనబడేది. కాడలను ఆమ్లం తినేసింది. విసనకర్రలనైనా పోల్చుకుందామంటే, పొద్దున్న పెంకులను కడిగే తొందరలో ఆమె, వాటిని గిరగిర తిప్పి అడుక్కు దించే సెంట్రిఫ్యూజును హద్దు మీరి తిప్పింది. పొడవాటి పెంకులన్నీ పుల్లలు పుల్లలుగా విరిగిపోయాయి. ఉత్త పుల్లను చూసి అది దేనిదో ఎవరు చెప్పగలరు?

చుక్క వేసి, మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. చదును గుడ్లు. ఒక పెంకుకు నడుమ నిలువునా సన్నని గాటు, ఆకును పట్టుకునే వైపు అదే. జంట పెంకుకు ఆ గాటు లేదు, చుక్కల వరసలు మాత్రం ఉన్నాయి. పలకను జరిపింది. మళ్లీ గుడ్లే. ముప్ఫై చూస్తే ముప్ఫై గుడ్లే. మొనే, సందేహం లేదు. ఫోను చేతిలోకి తీసుకుంది. సరంగు "చెప్పండమ్మా" అన్నాడు కూడా.

అప్పుడు తట్టింది. గుడ్డు పెంకులు పొట్టివి, గట్టివి. విరగకుండా మిగిలేవి అవే. తన తప్పు మిగిల్చిన వాటినే తాను లెక్కపెట్టి, దాన్ని సాక్ష్యం అనుకుంటోంది.

"ఆగండి" అంది. పలక మీద నూనె చుక్క వేసి, అందులో మునిగేలా, మరింత పెద్దది చేసి చూపే కటకం దించింది. ఈసారి గుడ్లను వదిలి, పుల్లల కొసలనే వెతికింది. విసనకర్ర పెంకుకు పిడి వైపు, కాడ పుట్టే చోట, నాలుగైదు సన్నని చీలికలుంటాయి. జిగురు ఊరేది వాటిలోంచే. కాడను ఆమ్లం తిన్నా, కాడ పుట్టిన ఆ కన్నాలను తినలేదు; అవి గాజులో ఉన్నాయి. మొదటి పుల్లకు కొస లేదు. రెండోది బోర్లా పడి ఉంది. మూడో దానికి కొస ఉంది, కొసలో దువ్వెన పళ్లలా చీలికలు. మరొకటి. పక్కనే ఇంకొకటి. తొమ్మిది వరకు లెక్కపెట్టి ఆపేసింది.

అయినా ఒక అనుమానం. వంపులో తెగిన నాచు కొట్టుకొచ్చి మొన దగ్గర తేలితే, పీత దాన్నే ఏరుకుని ఉంటే? ఆమె నేల మీద కూర్చుని చెత్తబుట్టను బోర్లించింది. పొద్దున్న పారేసిన నాచు మొదలు దొరికింది. దానికి రాతి పెచ్చు అంటుకునే ఉంది, పెచ్చు మీద కత్తి గీసిన తెల్లని గాటు. పీత దాన్ని రాతి నుంచే పెకలించింది.

"వంపు" అంది ఫోనులో. "వంపుకే వెళ్లండి."

పన్నెండు దాటి అయిదు నిమిషాలైంది.

ఆ తరువాతి గంటలో అక్క ఏ పనీ చేయలేదు. నాచు మొదలును గుప్పిట్లో పట్టుకుని నేల మీదే కూర్చుంది.

వంపులో పీత దొరికింది. రాళ్ల సందులోకి చెయ్యి పెట్టి నాచు కోస్తుంటే పై రాయి దొర్లి, కుడి మణికట్టు దాని కింద నలిగి ఇరుక్కుపోయింది. పడవ చేరేసరికి నీళ్లు గడ్డాన్ని తాకుతున్నాయి. ఇంకో పావుగంటైతే వచ్చీ ప్రయోజనం ఉండేది కాదని సరంగు డ్రైవరుతో అన్నాడట. అక్కతో మాత్రం అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో పీత కళ్లు తెరిచింది. కట్టులోంచి బయటికున్న వేళ్లు నల్లగా కమిలి ఉన్నాయి.

"చీటీ చూసి పంపావా అక్కా?"

"లేదే. చూడలేదు. నాచుతో పాటు మరిగించేశాను."

పీత చూపు పైకప్పు వైపు తిప్పుకుంది. "వంపు, ఎడమ చేతి వైపు పగులు, పదకొండుకి రాకపోతే పడవ పంపు. అదే రాశాను" అంది. "ఎలాగూ నాతో మాట్లాడవుగా. చదువుతావనుకున్నాను."

అక్క వంగి, చెల్లెలి చూపుడువేలి కొసను మెల్లగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు."

పక్క వేలు నొక్కింది.

"ఇది?"

"ముందు ఏ వేలు పట్టుకున్నావో చెప్పు" అంది పీత, పైకప్పు వైపే చూస్తూ.