ముక్కు మేస్త్రీ

గిన్నె అడుగున నల్లగా అంటుకున్న పాల మాడును అతను పీచుతో రుద్దుతున్నాడు. పొయ్యి పక్కన నిలబడే మాడబెట్టాడు.

"ఇల్లంతా కంపు కొడుతుంటే తెలియలేదా?" భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "వైరు వేడెక్కితే వాకిట్లోంచే పసిగడతావని నీకు పెద్ద పేరు!"

"ధ్యాసలో లేనే," అన్నాడు.

మొన్నటి జ్వరంతోపాటు ముక్కుకు వాసన తెలియడం కూడా పోయిందని ఎవరికీ చెప్పలేదు. చెబితే పని పోతుంది. చిన్న విమానాల షెడ్డులో అందరూ అతణ్ణి ముక్కు మేస్త్రీ అనే పిలుస్తారు. అతను చూసి సంతకం పెట్టనిదే అక్కడ ఏదీ గాల్లోకి లేవదు.

తాను వైర్లు మార్చిన రెండు సీట్ల విమానాన్ని పరీక్షించడానికి ఆ పూట పైలట్ అమ్మాయి పక్కన కూర్చున్నాడు. కింద ఇళ్ళు అగ్గిపెట్టెలంత అయ్యాక ఆమె ముఖం చిట్లించింది.

"బాబాయ్, ఏదో కాలుతున్నట్టు లేదూ?"

గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ తెలియలేదు.

"కొత్త వైరు కదమ్మా. అలాగే ఉంటుంది."

"నీ ముక్కే చెప్పాక ఇంకేముంది!" నవ్వి, ఇంకా పైకి లేపింది.

కాసేపటికి మీటర్ల పలక కిందనుంచి పొగ అతని మోకాళ్ళ మీదికి పాకింది.

"కరెంటు కట్టెయ్! మొత్తం!"

ఆమె పెద్ద స్విచ్ ఆపేసింది. రేడియో మూగబోయింది. ఆ కరెంటుతో పనిలేని ఇంజను మాత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంది. ఆమె గాలి వచ్చే కంతలు మూసింది. అతను వంగి, మంటలార్పే సిలిండరులోని పొడిని పలక కిందికి చిమ్మాడు. గొంతులు మండిపోయాయి. మంట చచ్చిందని నమ్మకం కుదిరాకే కంతలు తెరిచారు. రేడియో మళ్ళీ వేస్తే ఏం రాజుకుంటుందోనని, ఎవరికీ కబురు చెప్పకుండానే దిగారు.

షెడ్డు యజమాని పరుగున వచ్చి, జరిగింది అమ్మాయి నోట విని, అతని భుజం తట్టాడు. "నువ్వు పక్కన లేకపోతే పిల్ల బూడిదయ్యేది! రేపు ఆ రెండో విమానాన్ని కూడా నువ్వే చూసి సంతకం పెట్టు."

"రేపూ ఎక్కేది నేనే," అమ్మాయి దగ్గుతూనే నవ్వింది. "నువ్వు సరేనంటే నాకేం భయం లేదు బాబాయ్."

అతను తన నీలం యూనిఫాం మీద పడ్డ పొడిని దులుపుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మామూలు చొక్కా వేసుకుని వీధిలోకి నడిచాడు. వాకిట్లో బట్టలు పిండుతున్న భార్య తలెత్తి, "ఎక్కడికి?" అని కేకేసింది. అతను వెనక్కి తిరగలేదు. వీధి చివర, షెడ్డుకు వెళ్ళే మలుపు దాటి నేరుగా వెళ్ళిపోయాడు.

గదిలో కుర్చీ వీపుకు అతని నీలం యూనిఫాం తగిలించి ఉంది, లోపల ఇంకా మనిషి ఉన్నట్టే భుజాలు నిలబెట్టుకుని.