ఏడో గిన్నెలోని కణాలు

మా ప్రయోగశాలలో ప్రతి యంత్రం మీదా ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి ఉంటుంది. అది ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందట. గడువు దాటితే పనికిరాదు, విప్పి తినడమైతే ఘోరం. మా తైనాన్ ఊళ్లో డాక్టరేట్లు చేసినవాళ్లకీ ఇందులో సందేహం లేదు. పాతికేళ్లుగా ఇక్కడ టెక్నీషియన్‌గా ఉన్న నాకే నమ్మకం లేదు.

పరిశోధక విద్యార్థి బో-రుయ్ పనంతా ఏడో గాజు గిన్నెలో పెంచుతున్న రొమ్ము క్యాన్సర్ కణాల మీద. గిన్నె మీద పేరుండదు. వయసు, ఆపరేషన్ తేదీ ఉంటాయి: యాభై ఒకటి, మార్చి తొమ్మిది. అవి నా కణాలే. గర్భసంచి ఆపరేషన్ అని చెప్పి సెలవు పెట్టాను కాబట్టి అతనికి తెలియదు.

“ఈ ఆంటీ కణాలకి ఎంత ఆబో చూడక్కా,” అంటాడు. ఎవరి పోలికో మరి, అంటాను.

ఆ ఆబకి కారణం ఒక జన్యువు. అందరికీ దాని ప్రతులు రెండుంటాయి, నా ఈ కణాల్లో పదకొండు. అది చేసేది సందులో కొట్ల షట్టర్లు ఎత్తే పని. డీఎన్ఏ చుట్టుకున్న ఉండల మీద గుర్తులు వేస్తుంది, గుర్తు పడ్డచోట జన్యువులు తెరుచుకుంటాయి. ఇద్దరు ఎత్తాల్సినచోట పదకొండుమంది ఎగబడి, మూసి ఉండాల్సిన కొట్లన్నీ తెరిచేశారు. లోపలి సరుకు, అంటే జన్యువుల్లో రాసున్నది, మాత్రం పాతదే. నా ఒంట్లో ఇంత తతంగం నడిచిందా అని భయంకన్నా ముందు వింతగా అనిపించింది.

జబ్బు ఊపిరితిత్తుల్లో తిరగబెట్టింది. ఆ జన్యువును అడ్డుకునే కొత్త మందు పరీక్షలో చేరతానో లేదో శుక్రవారంలోగా చెప్పాలి. బో-రుయ్ గిన్నెలోంచి సగం కణాలు వేరుచేసి, వాటిలో ఆ జన్యువు పనిచేయకుండా నోరు నొక్కాడు. ఎన్ని కణాలు మిగిలాయో లెక్క గురువారం.

గురువారం పొద్దున లెక్కపెట్టే యంత్రం మీది పొట్లం ఖాళీగా ఉంది. బో-రుయ్ మొహం పాలిపోయింది. ఇవాళ్టి లెక్క నమ్మలేమనీ, రెండు వారాలాగి మళ్లీ చేద్దామనీ అన్నాడు. నేను ఒప్పుకోలేదు.

“తప్పొస్తే ఆ ఆంటీకి అన్యాయం కదక్కా.”

“పొట్లం తిన్నది ఆ ఆంటీయేరా. స్కాన్ చూసొచ్చాక ఆకలేసింది.”

అతను గిన్నె మీది తేదీ చూశాడు. నన్ను చూశాడు. కణాల్ని యంత్రంలో పెట్టాడు.

ముట్టుకోని కణాలు ఎనభై వేలు. జన్యువు నోరు నొక్కినవి తొమ్మిది వేలు. మూడుసార్లు పెట్టినా అంతే. నాకు ఏడుపొచ్చింది.

“గిన్నె వేరు, ఒళ్లు వేరు అక్కా,” అన్నాడు మెల్లగా. నాకు తెలియనిదా?

కిందికి వెళ్లి కొత్త పొట్లం తెచ్చాడు. యంత్రం మీద పెట్టలేదు, నా చేతిలో పెట్టాడు.

“రేపు సంతకం చేసేటప్పుడు పక్కనుంచుకో.”

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. గడువు తేదీ మాత్రం రెండుసార్లు చూసుకున్నాను.