బావ రక్తంలో ఉన్నది

రెండో గీత కనిపించేసరికి నా నోటినిండా టూత్‌పేస్టు నురగ. అలాగే అరిచాను. మా ఆయన తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చి, పరీక్ష పుల్లను అటూ ఇటూ తిప్పి చూసి, "తలకిందులుగా పట్టుకుంటే కవలలా?" అన్నాడు. పెళ్ళై నాలుగు నెలలు. బడిలో డ్రాయింగ్ మాస్టారు. చీమ కనిపిస్తే చుట్టూ తిరిగి వెళ్ళే మనిషి.

ముందు అక్కకే చెప్పాలనిపించింది. కమలాపళ్ళు కొనుక్కుని బావ వెల్డింగ్ షాపుకి వెళ్ళాం. షాపు వెనక గదిలోనే వాళ్ళ కాపురం. అక్కకి ఎనిమిదో నెల. పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. షాపులో గాలి తగులుతుందని స్టూలు మీద కూర్చుని ఉంది. బీపీ ఎక్కువని రోజూ చూసుకోవాలి. పోయినేడు ఇదే బీపీ మొదటి బిడ్డను మింగేసింది. అప్పటినుంచి బావది ఒకటే పాట: "దీనిది దెయ్యపు ఒళ్ళు."

ఆ పాట వినలేకే, నేను పనిచేసే ల్యాబులో జరుగుతున్న పరిశోధనకి అక్కాబావలిద్దరి చేతా రక్తం ఇప్పించాను. రక్తనాళాలను బిగుసుకోమని కబురు మోసే హార్మోన్ ఒకటుంది. ఆ కబురు అందుకునేది రిసెప్టర్. దాన్ని తయారుచేసే జన్యువులో తల్లికో తండ్రికో ఒక్క అక్షరం మారితే కొందరు గర్భిణుల్లో బీపీ పెరుగుతోందా అన్నది మా మేడమ్ వెతుకులాట. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే. కానీ ఆ రెండు గొట్టాలూ నింపింది నేను. అంకెలు కంఠతా వచ్చు. ఎవరి ఫలితమూ బయట చెప్పనని సంతకం కూడా పెట్టాను.

ఆ రోజు సంతోషం తలకెక్కి నా నోరు ఆగలేదు.

అక్క నన్ను కావలించుకుని ఏడుస్తూ నవ్వుతుంటే బావ, "అక్క పోలికే వస్తే నీకూ అంతే సంగతులు మరదలా," అన్నాడు.

"పోలికల సంగతైతే విను బావా," అన్నాను పండు ఒలుస్తూ. "ఆ మార్పు అక్కలో లేదు, నీలో ఉంది. కడుపులో మాయ తయారయ్యేది బిడ్డ కణాలతోనే, అందులో సగం నీ వాటా. అదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు. కానీ దెయ్యం దెయ్యం అంటావే..."

మాట పూర్తికాలేదు. బావ నన్ను కొట్టలేదు. అక్కను కొట్టాడు. పిడికిలితో, చెవి మీద. ఆమె తల గోడకి ఆనించిన రేకుకు తగిలి షాపంతా మోగింది.

"చెల్లెలి చేత నా మీద లేనిపోనివి పుట్టిస్తావే?" అంటూ స్టూలు పక్కనున్న అక్క బీపీ మిషన్‌ను నేలకేసి కొట్టాడు. "అన్నయ్యా, కాస్త ఆగండి," అని మా ఆయన మర్యాదగా అడ్డం వెళ్ళాడు. మర్యాదకు ముక్కు విరిగింది. ఆ చప్పుడు నాకు వినిపించింది. బావ షట్టరు దించేసి ఇనప ఊచ అందుకున్నాడు.

"ఒక్కరు కదిలినా చంపుతా."

"చిట్టీ, కళ్ళ ముందు మెరుపులే," అంది అక్క. అంతలోనే దవడ బిగుసుకుంది. స్టూలు మీంచి జారిపడి ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నాలుక తెగి నోట్లోంచి ఎర్రటి నురగ.

"నాటకాలు," అన్నాడు బావ.

బల్ల మీద వెల్డింగ్ పొక్కు రాలగొట్టే సుత్తి ఉంది. తీసుకుని బావ మోకాలి చిప్ప మీద కొట్టాను. ఊచ జారింది. మళ్ళీ అక్కడే కొట్టాను. మనిషి కూలాడు. పడ్డాక ఇంకొకటి వేశాను. అది అవసరం లేదు, కానీ అబద్ధమెందుకు, హాయిగా అనిపించింది.

మా ఆయన షట్టరు ఎత్తి వీధిలోకి అరిచాడు. ఎదురుగా సిమెంటు దింపుతున్న వ్యాను డ్రైవరు బస్తా అక్కడే వదిలేసి వచ్చాడు. ముగ్గురం కలిసి అక్కను వ్యానులోకి ఎక్కించి ఎడమవైపు తిప్పి పడుకోబెట్టాం. దారిలో ఫిట్స్ ఆగాయి. అక్క గురక పెడుతుంటే ఆ గురకే పాటలా విన్నాను. ఊపిరి ఉందని కదా అర్థం.

"మన బిడ్డకి ఈ ముక్కు వస్తుందంటావా?" అన్నాడు మా ఆయన, రుమాలు నెత్తురుతో తడిసిపోతుంటే.

"విరిగిన ముక్కు జన్యువుల్లోకి ఎక్కదులే," అన్నాను. ఇద్దరం నవ్వాం. డ్రైవరు అద్దంలోంచి భయంగా చూశాడు.

ఆసుపత్రిలో బీపీ నూట తొంభై. సూదులు, సెలైన్లు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. నేను వరండాలోకి వెళ్ళి మేడమ్‌కి ఫోన్ చేసి, ఫలితం బయటపెట్టింది నేనేనని చెప్పేశాను. "రేపటినుంచి ల్యాబుకి రావద్దు," అన్నారావిడ. సబబే.

సాయంత్రానికి అక్క కళ్ళు తెరిచింది. బీపీ దిగింది. డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది.

"బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి నీకు సూది ఇచ్చాం. అది పనిచేయడానికి ఒక రోజు కావాలి. ఈలోపు బీపీ మళ్ళీ ఎక్కకపోతే రేపు సాయంత్రం ఆపరేషన్. ఎక్కితే వెంటనే. సంతకానికి మీ ఆయన ఎక్కడ?"

"మోకాలికి కట్టు కట్టించుకుంటున్నాడట," అన్నాను.

అక్క వాచిన నాలుకతో ఒక్కో మాటే కూడదీసుకుంది. "సంతకం నేనే పెడతా. రేపు పొద్దున పోలీసులను పిలవండి, ముందు వాళ్ళకి చెప్పాల్సింది చెప్తాను. సాయంత్రం బిడ్డను తీయండి."