సరుగుడాకు గుంత

ఆ నర్సరీలో పొద్దున్నే మొదటి పని ఆకు చిమ్మడం. ఏ చెట్టు ఆకు ఆ చెట్టు గుంతలోకే పోవాలి. అవిశాకు మెత్తనిది, ఒక్క వానాకాలంలో కుళ్ళి నల్లటి మట్టయిపోతుంది. ఆ మట్టిలో ఏ మొక్కైనా ఏపుగా లేస్తుంది. సరుగుడాకు మొండిది. ఏళ్ళు గడిచినా సూదుల్లాగే పడుండి, కింది మట్టిని పుల్లగా మార్చేస్తుంది.

ఆకు కుళ్ళేటప్పుడు, ఆ చెట్టు కింద ఎవరేం మాట్లాడారో ఆ మాటలూ బయటికొస్తాయి. అందుకే అత్తాకోడళ్ళ సంగతులు అవిశల కింద ఎవరూ ఎత్తరు. వానలు పడగానే అందరూ వింటారు, ఎందుకొచ్చిన గొడవ. సరుగుళ్ళ కిందయితే ఏమన్నా పర్వాలేదు.

ఆ నర్సరీవాళ్ళ కూతురు ఒకసారి పుట్టింటికొచ్చినప్పుడు తొందరపడి రెండాకులూ ఒకే గుంతలో కలిపేసింది. సగం కుళ్ళిన ఆ ఎరువునే మొలకల సంచుల్లో నింపింది. సూదులు సారమంతా లాగేసుకున్నాయి, మొలకలు పాలిపోయి చచ్చాయి. తండ్రి పనివాళ్ళందరి ముందూ, "ఇంకెప్పుడూ నా మట్టి ముట్టుకోకు," అన్నాడు. ఆమె చేతులు కడుక్కుని అత్తారింటికి వెళ్ళిపోయింది. ఆ ఏడే ఆయన పోయాడు. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఒక్క పూలకుండీ కూడా పెట్టుకోలేదు.

చాన్నాళ్ళకి అన్నయ్య కబురు పెట్టాడు. సరుగుళ్ళు కొట్టించేస్తున్నాడట, గుంత తగలబెట్టేస్తాడట. ఆమె పరుగున వచ్చింది. నాన్న చివరి రోజుల్లో ఒక్కడే మంచం వేసుకుని పడుకున్నది ఆ చెట్ల కిందే. తనని తిట్టుకునే పోయుంటాడని ఆమె భయం. తగలబెడితే ఆ తిట్టు కూడా మిగలదని ఇంకా భయం.

"కుళ్ళనివ్వు అన్నయ్యా."

"అది కుళ్ళేసరికి మనకి మనవలొస్తారు. వానలదాకా ఆగుతా చెల్లీ, అంతే."

ఆమె గంపెడు పచ్చి అవిశాకు కోసుకొచ్చి గుంత ఒడ్డున నిలబడింది. వరస సూదులు, వరస అవిశాకు, పేర్చడం మొదలుపెట్టింది.

"మళ్ళీ అదే పనా?" అంది గుమ్మంలోంచి అమ్మ.

"అదేనమ్మా."

అమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి పోసింది.

ఎండాకాలమంతా ఆమె పుట్టింట్లోనే ఉండి గుంత తిరగేస్తూ వచ్చింది. లోపల వేడి పుట్టి ఆవిర్లు లేచాయి. సూదులు మెత్తబడ్డాయి. మొదటి వానకి గుంతలోంచి దగ్గు వినిపించింది, తర్వాత నాన్న గొంతు.

"కలపడం తప్పు కాదు. మాగకముందే తీసింది, అంతే. ఆ ముక్క దానికి చెప్పాలి. నోరు జారాను." చాలాసేపు ఊపిరి చప్పుడు. "రేపొస్తుందిలే. వస్తే చెప్తా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య చెట్లు కొట్టేవాళ్ళని వెనక్కి పంపేశాడు.

ఆమె గుంతలోకి దిగి పిడికెడు మట్టి తీసి వాసన చూసింది. పులుపు లేదు. కళ్ళు తుడుచుకోకుండానే అడిగింది.

"మొలకల సంచులెక్కడున్నాయి అన్నయ్యా?"