సుద్ద పట్టించిన చొక్కా

బస్సుల షెడ్డులో జుట్టు నెరిసేదాకా బస్సుల కింద వెల్లకిలా పడుకున్న పెద్దమేస్త్రికి ఉన్నట్టుండి యూనియన్ కార్యదర్శి కావాలన్న కోరిక పుట్టింది. పుట్టిందంటే ఊరికే పుట్టలేదు, నిద్రలోనూ ఓట్లడుగుతున్నాడు.

"కాండిడేట్ అంటే అసలేంటో తెలుసా బావా?" అన్నాడు బావమరిది. ఇంగ్లిషు ట్యూషన్లు చెప్పే మనిషి. ఏ మాటనైనా తోలు ఒలిస్తేగానీ వదలడు.

"పోటీలో నిలబడ్డోడు. ఆమాత్రం తెలీదా?"

"అది అర్థం. పుట్టుక వేరే ఉంది. లాటిన్‌లో కాండిడస్ అంటే తళతళలాడే తెలుపు. పూర్వం రోములో పదవి కోరేవాళ్ళు సుద్ద పట్టించిన తెల్లబట్టలతో జనంలోకి వెళ్ళేవాళ్ళు. ఆ తెలుపే ఈ మాటయింది."

మేస్త్రి తన గ్రీజు చొక్కా వైపు చూసుకున్నాడు. ఇన్నాళ్ళూ తననెవరూ నాయకుడనుకోకపోవడానికి కారణం ఒంటిమీదే ఉందన్నమాట!

ఎన్నిక రోజు పొద్దున్నే భార్య కొత్త తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ, "సుద్ద నేను రాయనా, మీ బావమరిది రాస్తాడా?" అంది.

మేస్త్రి షెడ్డు చేరేసరికి గేటుకడ్డంగా ఓ బస్సు మొరాయించి ఉంది. లోపల ప్రయాణికుల గోల. "మేస్త్రీ, నువ్వు చెయ్యేస్తేగానీ కదలదు, రా!" అని అందరూ కేకేశారు. అలవాటుకొద్దీ వంగాడు. మోకాలు నేలకి ఆనబోతుండగా కింద కారుతున్న నూనె కనిపించింది. ఠక్కున నిటారుగా లేచాడు.

"ఓట్లయ్యాక చూద్దాంలేరా."

ఆయన మీద పోటీకి దిగిన టైర్ల పనివాడు గోనె పరుచుకుని కిందికి దూరాడు. "ఇంజను పని నాకు సరిగ్గా రాదు, తిట్టుకోకండి" అంటూనే ఏదో బిగించాడు. బస్సు దగ్గింది, తుమ్మింది, నలుగురూ తోస్తే కదిలింది.

టీ వేళకి చేతులెత్తి ఓట్లేశారు. మేస్త్రి కోసం లేచిన నాలుగైదు చేతుల్లో ఒకటి ఆయనదే.

"ఏమనుకోకు మేస్త్రీ" అన్నాడు వెల్డరు. "పెళ్ళికొచ్చినట్టు వచ్చావు. పెళ్ళికొచ్చినోణ్ణి పనేం అడుగుతాం?"

సాయంత్రం బావమరిది ఓదార్పుకి వచ్చాడు. సంగతంతా విని, "ఉన్నది ఉన్నట్టు చెప్పేవాణ్ణి కాండిడ్ అంటారు బావా. అదీ ఆ తెలుపులోంచి వచ్చిందే" అన్నాడు.

"అంటే, నాకు సరిగ్గా రాదని ముందే ఒప్పేసుకోవడమా?"

"అచ్చంగా అదే వాడుక!"

మేస్త్రి అతన్ని మింగేసేలా చూశాడు. "ఆ ముక్క మొన్న చెబితే నీ సొమ్మేం పోయేది?"

"పోనిద్దురూ" అంది భార్య, చొక్కా మడతపెడుతూ. "ఒక్క మరకైనా అంటలేదు. వచ్చే ఎన్నికలకీ ఇదే చాలు."