బారికేడ్ అవతల పొంగిన పిండి

బేకరీ పెద్దాయన తెల్లవారకముందే లేచి, రాత్రి కలిపి మూతపెట్టిన పిండి ముద్దలో వేలు గుచ్చి చూస్తాడు. ముద్ద బాగా పొంగి ఉంటే పొయ్యి అంటించమని కొడుక్కి కేక వేస్తాడు. రాత్రి పెట్టింది పెట్టినట్టే ఉంటే మాత్రం మాట్లాడకుండా చొక్కా తగిలించుకుని వీధి చివరిదాకా వెళ్ళి వస్తాడు. అక్కడ అప్పటికే లారీలోంచి బారికేడ్లు దించి, అడ్డంగా పేర్చి, తాళ్ళు కట్టేసి ఉంటారు.

"మూసేశార్రా" అంటాడు వచ్చి. ఆ రోజుకి రొట్టె లేదు.

ఆ వీధి కొసన పెద్ద సభాభవనం ఉంది. దానికి ఎక్కడెక్కడి పెద్దమనుషులో వస్తారు, కరచాలనాలు చేసుకుంటారు, వరసగా నిలబడి ఫొటోలు దిగుతారు. ఈ వీధి జనం ఎక్కడ ఆ ఫొటోకి అడ్డం పడతారోనని రెండు వైపులా మూసిపెడతారు. ముందురోజే జీపులో మైకు తిరుగుతుంది. వెళ్ళేవాళ్ళు ఆ రాత్రికే వెళ్ళిపోవాలి. తర్వాత లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. వీధి మధ్యలో వైద్యం లేదు, సంత లేదు, బడి లేదు. అమ్మ పెట్టదు, అడుక్కుతిననివ్వదు అన్నట్టుంటుంది ఆ నాలుగు రోజులూ.

మూసిన వీధిలో కాలం లెక్కకు రాదు. గడియారాలు తిరుగుతూనే ఉంటాయి, పొద్దు పొడుస్తుంది, కుంకుతుంది, ఆకలైతే తింటారు, నిద్రొస్తే పడుకుంటారు. కానీ పెరిగేది పెరగదు, మానేది మానదు, చెడేది చెడదు. పాలు తోడుకోవు. గడ్డం పెరగదు. దగ్గుతో ఉన్నవాడి దగ్గు తగ్గదు, ముదరదు. ఎదురింటి ట్యూషన్ టీచరమ్మ తలకి రంగేసుకునేది నెలకోసారి. ఇప్పుడు రెండు నెలలైనా పాపిట్లో తెల్లదనం కనిపించడం లేదని ముచ్చటపడుతుంది. "ఆ పెద్దవాళ్ళు చల్లగా ఉండాలి, నన్ను ముసల్దాన్ని కానివ్వడం లేదు" అంటుంది. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. కుళాయి రాని రోజులుంటాయి, కరెంటు పోయే రోజులుంటాయి, అలాగే ఇవీ.

మొదట్లో బారికేడ్ దగ్గరికి వెళ్ళి అరిచినవాళ్ళు లేకపోలేదు. లోపలివైపు నిలబడి అరవడం కష్టం. కోపం మొదలైనచోటే నిలబడిపోతుంది, అది కూడా పెరగదు. అరిచే మనిషి మధ్యలో ఆగి, ఏం చెబుతున్నాడో తనకే పట్టనట్టు ఇంటికి తిరిగొస్తాడు. పోనుపోను ఎవరూ వెళ్ళడం మానేశారు.

పిండి సంగతి మాత్రం అనుకోకుండా బయటపడింది. ఒకసారి పెద్దాయన కొడుకు అచ్చులు వేసిన బన్నుల ట్రేని వేరే బేకరీ పొయ్యికి పంపిద్దామని బారికేడ్ దాటించాడు. అవతల కాపలా ఉన్న మీసాల కానిస్టేబుల్, వాసన చూసే కుక్క వచ్చేదాకా కదలనివ్వనని దాన్ని ఒక స్టూలు మీద పెట్టించాడు. కుక్క ఎక్కడో చిక్కుకుపోయింది. అది వచ్చేసరికి బన్నులు ట్రే అంచులు దాటి పొంగి కూర్చున్నాయి. కొడుకు వాటిని తిరిగి లోపలికి తెచ్చి కాల్చాడు. దూదిలా వచ్చాయి. అప్పటినుంచి వీధి మూసినప్పుడల్లా బారికేడ్‌కి అవతల అడుగు దూరంలో ఒక స్టూలు, దాని మీద తడిగుడ్డ కప్పిన ట్రే ఉంటున్నాయి. స్టూలు దాకా చెయ్యి చాచడానికి బేకరీవాళ్ళకి అనుమతి. మీసాల కానిస్టేబుల్‌కి రెండు వేడి బన్నులు.

ఇలా ఎవరి బతుకు వాళ్ళు ఈడుస్తుండగా పెద్దాయన ఊపిరితిత్తుల్లో పిండి పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. నలభై ఏళ్ళు జల్లించిన మైదా అంతా ఎక్కడికి పోతుంది, లోపలికే పోయింది. నెల, మహా అయితే నెలన్నర అన్నాడు డాక్టరు. కోడలికి అప్పుడు ఆరో నెల.

కోడలు పెద్ద రోడ్డులో కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. లెక్క సరిగ్గా చూసుకునే మనిషి. ఆ రాత్రి అన్నం గిన్నె ముందు పెట్టుకుని చాలాసేపు తినకుండా కూర్చుంది.

"మావయ్య బిడ్డని చూడరు" అంది.

"ఇప్పుడా మాటలెందుకు" అన్నాడు భర్త.

"పిండి బయటపెడితే పొంగుతోంది కదండీ. నేనూ బయటే ఉంటే?"

అతను నమలడం ఆపాడు.

"వీధి మూసిన రోజులన్నీ అక్క దగ్గర ఉంటాను. నాకు నెలలు నడుస్తాయి. మావయ్యకి నడవవు. వచ్చేదంతా పెద్దవాళ్ళ సమావేశాల కాలమే అంటున్నారు, ఎన్నిసార్లు మూస్తారో ఏమో."

పక్కగదిలోంచి పెద్దాయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "అంటే నన్ను లోపల ఫ్రిజ్‌లో పెట్టి, నిన్ను బయట పొంగిస్తారన్నమాట" అన్నాడు. కోడలు తలదించుకుంది. ఆయనే మళ్ళీ, "బాగానే ఉంది. అక్క దగ్గర చల్లగాలికి పడుకోకు తల్లీ" అన్నాడు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మైకు జీపు వచ్చినప్పుడల్లా వీధంతా నెత్తి పట్టుకుంటే బేకరీవాళ్ళింట్లో హమ్మయ్య అనుకునేవాళ్ళు. కోడలు సంచి సర్దుకుని పొద్దుపోకముందే బారికేడ్ల జాగా దాటేసేది. మళ్ళీ తెరిచేదాకా టైర్ల కొట్టు మీద ఉన్న అక్క గదిలో ఉండేది. వీధి మూయడం ఆపించాలని ట్యూషన్ టీచరమ్మ అర్జీ రాసి ఇంటింటికీ తిప్పింది. కొడుకు సంతకం పెట్టలేదు. "మీ బేకరీకేగా ఎక్కువ నష్టం!" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. అతను కారణం చెప్పలేదు. చెబితే అర్థం చేసుకునే మనిషే, కానీ చెప్పడానికి నోరు రాలేదు.

సాయంత్రాలు కోడలు దుకాణం నుంచి వస్తూ స్టూలు దగ్గర ఆగేది. అతను ఇవతల, ఆమె అవతల.

"కాళ్ళు వాచాయి" అనేది.

"ఊఁ."

"రాత్రంతా తంతూనే ఉంది."

"ఊఁ."

"మీకంటే నేను పెద్దదాన్నైపోతున్నానండీ ఇలా ఉంటే."

నవ్వాలని అతనికి తెలుసు. నవ్వాడు కూడా. ఆ నవ్వు మొహానికి అతికించినట్టుండేది. లోపలున్న రోజుల్లో మనిషి అంతేనని ఆమెకి తెలిసినా, వెనక్కి తిరిగి నడుస్తుంటే ఏడుపొచ్చేది. ఆమె బయట ఉంది కాబట్టి అన్నీ వచ్చేవి. నడుంనొప్పి వచ్చేది, దిగులు వచ్చేది, కారణం లేకుండా సంతోషం కూడా వచ్చేది. అన్నీ ఒక్కతే మోసింది.

వీధి తెరిచిన రోజులు గండాలు. పిల్లలు గోల చేసుకుంటూ బడికి పరిగెత్తేవాళ్ళు, చెత్తబండి వచ్చేది, ఆగిన జ్వరాలు మళ్ళీ నడక మొదలుపెట్టేవి. పెద్దాయన తెరిచిన ప్రతి పూటా కొంచెం కొంచెం తగ్గిపోయేవాడు. ముందు మెట్లు దిగడం మానేశాడు, తర్వాత పిండిలో వేలు గుచ్చడం మానేశాడు, తర్వాత వాక్యాలు పూర్తి చేయడం. కోడలు ఆయన పక్కనే కూర్చుని, మైకు జీపు చప్పుడు కోసం చెవులు రిక్కించేది. ఇంత కాలమూ దాన్ని తిట్టిన నోటితోనే, త్వరగా రావాలని మొక్కుకునేది.

ఆఖరిసారి మైకు ఆలస్యంగా, మూసే రోజు పొద్దున వచ్చింది. ఆ మధ్యాహ్నానికే పెద్దాయనకి ఊపిరి అందడం లేదు. డాక్టరు వచ్చి నాడి చూసి, ఇవాళ సాయంత్రం దాటదని కొడుకుని పక్కకి పిలిచి చెప్పి వెళ్ళాడు. కొడుకు మంచం పట్టె మీద కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. కోడలు నిండు నెలలతో గుమ్మం పట్టుకుని నిలబడింది. అప్పుడు వీధి చివర లారీ ఆగింది. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడైంది.

"వెళ్ళు, మూసేస్తున్నారు, వెళ్ళు" అన్నాడు భర్త.

ఆమె సంచి కూడా తీసుకోకుండా నడిచింది. చివరి బారికేడ్ జరపకుండా మీసాల కానిస్టేబుల్ రెండు నిమిషాలు ఆగాడు. ఆమె దాటాక దాన్ని జరిపి తాడు కట్టాడు. ఇంట్లో పెద్దాయన ఆయాసం ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే నిలిచింది. పైకి పోలేదు, కిందికి దిగలేదు. కొడుకు ఏడుపు కూడా అక్కడే ఆగింది. అతను తడి చెంపలు తుడుచుకుని, లేచి, పిండి కలపడానికి వెళ్ళాడు.

ఆ సమావేశం అన్నిటికన్నా పెద్దది. అది ముగియకముందే అక్క గది పక్కనున్న ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి పంపించగానే కోడలు పిల్లని గుడ్డలో చుట్టుకుని, అక్క చెయ్యి పట్టుకుని, తిన్నగా బారికేడ్ దగ్గరికే వచ్చింది.

"లోపలికి వదలండన్నా" అంది.

మీసాల కానిస్టేబుల్ పిల్లని చూసి మీసంలోనే నవ్వాడు. "వదలకూడదమ్మా. మీకైనా వీధివాళ్ళకిచ్చే పాసుంది, బిడ్డకి ఫొటో పాస్ కావాలి. అసలు తెరిచేదాకా ఎవరికైనా అంతే."

"తెరిచేది ఎప్పుడు?"

"ఇంకో వారం పొడిగించారట."

బారికేడ్ లోపలివైపు భర్త నిలబడి ఉన్నాడు. పిల్ల మొహం మీద గుడ్డ తీసి చూపించింది. అతను చూశాడు. "బాగుంది" అన్నాడు. కాలిన బన్ను చూసి అన్నట్టే అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "బాగుందా? ఇంతేనా?"

"నాకేం రావట్లేదు" అన్నాడు నిజాయితీగా. "వారం పొడిగించడం మంచిదే. నాన్న అలాగే ఉన్నాడు. పిల్లని రోజూ ఇక్కడికి తీసుకురా, నాన్నకి కిటికీలోంచి కనిపిస్తుంది. ఎప్పటికీ తెరవకపోయినా నాకు పరవాలేదు."

చప్పుడు లేని వీధిలో ఆ మాట, రెండిళ్ళ అవతల కిటికీ పక్కన పడుకున్న ముసలాయన చెవిన పడింది. ఆయన కిటికీ చువ్వ మీద వేళ్ళతో కొట్టాడు. కొడుకు లోపలికి వెళ్ళాడు.

"ఎన్నాళ్ళురా ఇలా" అన్నాడు పెద్దాయన. ఒక్కో మాటకి ఒక్కో విరామం. "పొంగదు. కాల్చడానికి లేదు. పారెయ్యడానికీ లేదు. పిల్లని నా చేతికివ్వు."

"లోపలికి రానివ్వరు నాన్నా."

"నన్ను తీసుకెళ్ళు."

"అవతలికి వెళితే..."

"తెలుసురా" అన్నాడు. "నీకిప్పుడు బాధ తెలియదు. అందుకే ఇప్పుడే తీసుకెళ్ళు. తర్వాతైతే నీ చేత కాదు."

కాదనడానికి కావలసిన భయం కొడుకు దగ్గర లేదు. రొట్టెలు తోసే బండి మీద దుప్పటి పరిచి తండ్రిని పడుకోబెట్టాడు. వీధిలో ట్యూషన్ టీచరమ్మ గేటు పట్టుకుని చూసింది, బండికి దారిచ్చి పక్కకి జరిగింది.

బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "మనుషుల్ని దాటించకూడదు, నీకు తెలియంది కాదు. పిండికే అనుమతి."

"ఇంత కాలమూ పిండేగా తిన్నాను" అన్నాడు పెద్దాయన బండి మీదినుంచి. "ఒళ్ళంతా అదే ఉంది. కావాలంటే కుక్కని పిలు."

కానిస్టేబుల్ ఆయన మొహం చూశాడు, కోడలి చేతిలో మూట చూశాడు. తర్వాత స్టూలు మీది ట్రే తీసి, తన రెండు చేతులా పట్టుకుని, సభాభవనం వైపు తిరిగి నిలబడ్డాడు.

కొడుకు తండ్రిని ఎత్తి, బారికేడ్ పైనుంచి వంగి, అవతల స్టూలు మీద కూర్చోబెట్టాడు. అక్క వెనకనుంచి ఆయన్ని పట్టుకుంది. కోడలు పిల్లని ఆయన ఒళ్ళో పెట్టి, పడిపోకుండా తన చెయ్యి కింద ఉంచింది. ఆగిన ఆయాసం మళ్ళీ కదిలింది. ఆయన గట్టిగా దగ్గాడు. పిల్ల ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. ఆయన చూపుడు వేలితో దాని బుగ్గ మీద మెల్లగా నొక్కి, తీసి, ఆ చిన్న గుంట మళ్ళీ పూడుకోవడం చూశాడు.

"సరిగ్గా ఉంది" అన్నాడు. "చూశావా తల్లీ, సరిగ్గా ఉంది." ఇంకోసారి నొక్కి చూశాడు.

మూడోసారి నొక్కిన వేలు బుగ్గ మీదే ఉండిపోయింది.

కోడలికి ముందు తెలియలేదు. తెలిశాక, పిల్లని అక్కకిచ్చి, ఆయన తలని తన భుజానికి ఆనించుకుని గట్టిగా ఏడ్చింది. రోడ్డున పోయేవాళ్ళు ఆగారు. బారికేడ్‌కి లోపలివైపు, అడుగు దూరంలో, భర్త చేతులు వేలాడేసుకుని నిలబడి చూస్తున్నాడు. అతని మొహం గోడలా ఉంది.

"నాన్న పోయాడు" అన్నాడు.

"అవునండీ."

"ఏడుపు రావట్లేదే నాకు."

ఆమె ఒక చేత్తో మామగారిని పట్టుకుని, రెండో చెయ్యి అతనివైపు చాచింది. "ఇవతలికి రండి" అంది. "వస్తుంది."

కానిస్టేబుల్ అటు తిరిగే ఉన్నాడు. అతను ఒక కాలెత్తి బారికేడ్ మీదుగా ఇవతల నేల మీద పెట్టాడు.